అనంతపురంలో ట్రావెల్ అడ్వైజర్ల స్టార్టప్: చేరేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవాలా, వద్దా?

క్లాక్ టవర్ కుర్రోడు (అనంతపురం)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను బెంగళూరులో ఏడేళ్లు ఒక ట్రావెల్ కంపెనీ బ్యాక్ ఆఫీసులో పని చేశాను. ఫ్లైటు తప్పినవాళ్లు, హోటల్‌కు పోతే మీ పేరు మీద బుకింగే లేదని చెప్పించుకున్నవాళ్లు, రీఫండు కోసం నెలల తరబడి తిరిగినవాళ్లు, అందరి తిట్లూ నా చెవుల్లోంచే పోయాయి. పోయిన ఏడాది నాన్నకు బాగాలేక ఇంటికొచ్చేశాను, ఇక తిరిగి వెళ్లే ఉద్దేశం లేదు. చేతిలో ఆరు లక్షలున్నాయి, అందులో రెండు అమ్మకు తెలియవు.

ఆలోచన ఏమిటంటే, మన దగ్గర ప్రతి వీధిలో ఒకరుంటారు కదా, ఎవరు ఎక్కడికి పోవాలన్నా ముందు వాళ్లనే అడుగుతారు. అరుణాచలంలో రూము ఎక్కడ బాగుంటుంది, ఊటీకి ఏ నెలలో పోవాలి, కాశీకి ఏ రైలు. వాళ్లు ఊరికే చెప్తున్నారు. ఆ మాటకు నాలుగు డబ్బులు వచ్చేలా చేద్దామని. ఇంట్లో ఉండే ఆడవాళ్లు, రిటైరైన టీచర్లు, కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్లు, ఎవరి కింద ఉద్యోగం లేకుండా సొంతంగా ట్రావెల్ అడ్వైజర్‌గా పని చేస్తారు. హోటళ్లతో మాట్లాడటం, బుకింగ్ పోర్టల్, బిల్లులు, శిక్షణ నావి. వచ్చిన కమిషన్‌లో వాళ్లకు 70, నాకు 30. అమెరికాలో దీన్ని హోస్ట్ ఏజెన్సీ అంటారట, అక్కడ బాగానే నడుస్తోంది.

నాలుగు నెలలుగా ఆరుగురితో చేసి చూస్తున్నాను. ముగ్గురు వాట్సాప్ స్టేటస్ పెట్టి ఆగిపోయారు. ఒకాయన తన తమ్ముడి పెళ్లికి తానే రూములు బుక్ చేసుకుని, కమిషన్ తీసుకుని, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఒకామె నెలకు ఒకటో రెండో చిన్న బుకింగులు తెస్తోంది. నిజంగా చేస్తున్నది ధర్మవరంలో ఉన్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒక్కరే. పోయిన నెల 14 మందిని టెంపో ట్రావెలర్‌లో యాగంటి, మహానంది, అహోబిలం రెండు రోజులు తిప్పుకొచ్చారు. బండి మీద, రూముల మీద కలిపి 6,300 కమిషన్ వచ్చింది. ఆయనకు 4,410, నాకు 1,890. ఆ 1,890 కోసం రాత్రి పదకొండున్నరకు అహోబిలంలో ఏసీ పని చేయట్లేదని ఫోన్, పొద్దున ఐదుకు డ్రైవర్ లేవలేదని ఫోన్.

ఇప్పుడు ఒక స్నేహితుడు చెప్పేదేమంటే, కమిషన్‌తో బతకలేవు, చేరేటప్పుడే 9,999 తీసుకో, శిక్షణ ఫీజు అని పేరు పెట్టు, 200 మంది చేరితే 20 లక్షలు, అప్పుడు నింపాదిగా కంపెనీ కట్టుకో అని. లెక్క చూస్తే ఆశగానే ఉంది, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.

ఉగ్గాని బజ్జి (గుంతకల్లు)

తమ్ముడూ, 9,999 అనే అంకె చూడగానే మా ఇంట్లో అటక గుర్తొచ్చింది. మా పిన్ని పదేళ్ల కింద ఏదో పొడుల కంపెనీలో చేరింది, నువ్వు నలుగురిని చేర్పించు, వాళ్లు ఇంకో నలుగురిని చేర్పిస్తారు అంటే నమ్మి. ఆ డబ్బాలు ఇంకా అటక మీదే ఉన్నాయి, ఎలుకలు కూడా ముట్టలేదు.

నీది అలాంటిది కాదని తెలుస్తూనే ఉంది. కానీ నువ్వే రాసిన లెక్క ఇంకోసారి చదువు. ఆ 200 మంది ఒక్క ట్రిప్పు కూడా అమ్మకపోయినా నీకు 20 లక్షలు వస్తాయి. అప్పుడు నువ్వు పొద్దున లేచి ఏం చేస్తావు? అహోబిలంలో ఏసీ గురించి ఫోన్ ఎత్తుతావా, ఇంకో 200 మందిని వెతుక్కుంటావా? నువ్వు మంచోడివే అయినా సరే, డబ్బు ఎటు నుంచి వస్తుందో కాళ్లు అటే పోతాయి. అంతకుమించి నాకు తెలియదు, నాది మొబైల్ రిపేరు షాపు.

డల్లాస్‌లో ప్రొద్దుటూరోడు

మా ఆవిడ ఇక్కడ ఒక హోస్ట్ ఏజెన్సీ కింద నాలుగేళ్లుగా చేస్తోంది కాబట్టి దగ్గర్నుంచి చూసిందే రాస్తున్నాను.

ముందుగా, ఫీజు అనగానే మోసం అనుకోనక్కర్లేదు. ఇక్కడ చాలా హోస్ట్ ఏజెన్సీలు నెలకో, ఏడాదికో ఇంత అని తీసుకుంటాయి. 2021లో న్యూయార్క్‌లో మొదలైన ఫోరా లాంటి కొత్త కంపెనీలు కూడా చందా పద్ధతిలోనే నడుస్తాయి. ఆ చందాకు ఏం ఇస్తారన్నదే చూడాలి. మా ఆవిడకు సొంతంగా అయాటా నంబర్ (విమాన కంపెనీల సంఘం ట్రావెల్ ఏజెంట్లకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేదు, హోస్ట్ నంబర్ మీదే హోటళ్లు, క్రూయిజ్‌లు బుక్ చేస్తుంది. కమిషన్ హోస్ట్‌కు వస్తుంది, వాళ్లు తమ వాటా పట్టుకుని మిగతాది ఈమెకు వేస్తారు. పొరపాటు జరిగి కస్టమర్ కేసు వేస్తే కాపాడే బీమా, ఒప్పంద పత్రాల నమూనాలు, మాట్లాడటానికి ఒక మనిషి, ఇవన్నీ ఉంటాయి. కాలిఫోర్నియా, ఫ్లోరిడా, హవాయి, వాషింగ్టన్ రాష్ట్రాల్లో అయితే ప్రయాణాలు అమ్మేవాళ్లు రాష్ట్ర ప్రభుత్వం దగ్గర విడిగా రిజిస్టర్ కావాలి, ఆ గొడవలో కూడా హోస్ట్ సాయం చేస్తుంది.

కానీ ఇక్కడి లెక్క అక్కడ పని చేయదు, అది గట్టిగా చెప్పాలి. ఇక్కడ ఒక జంట ఇటలీకి పది రోజులు పోతే హోటల్ మీద మామూలుగా 10 శాతం కమిషన్ వస్తుంది, ఒక్క బుకింగ్‌లోనే మీ మాస్టారి ఏడాది సంపాదన వచ్చేస్తుంది. మీరు చెప్పిన అహోబిలం రూము 1,800 ఉంటుందేమో, దాని మీద 10 శాతం అంటే 180, అందులో 30 శాతం మీది. 54 రూపాయలు. ఒక్క ఫోన్ కాల్‌కు చాలదు.

ఇంకోటి, డబ్బు వచ్చే వేళ. హోటల్ కమిషన్ అతిథి ఖాళీ చేసి వెళ్లాకే వస్తుంది, అదీ కొన్నిసార్లు మనమే వెంటపడి అడిగితే. మా ఆవిడకు మొదటి ఏడాది చేతికి వచ్చింది చాలా తక్కువ, ఇంట్లో నా జీతం ఉంది కాబట్టి సరిపోయింది. మీ దగ్గర చేరేవాళ్లకు ఆ మాట మొదటి రోజే చెప్పండి. నెలకు 50 వేలు అని పోస్టర్ వేయకండి.

విమాన టికెట్ల మీద ఆశ అసలు పెట్టుకోకండి. అమెరికాలో 1995లో కమిషన్‌కు పరిమితి పెట్టారు, 2002కల్లా పెద్ద ఎయిర్‌లైన్లు మూల కమిషన్‌ను పూర్తిగా ఎత్తేశాయి. ఇక్కడ అడ్వైజర్ అనే మాట వాడుకలోకి రావడానికి అదీ ఒక కారణం అంటారు, ఏజెంటు టికెట్ అమ్మి బతకలేక సలహా అమ్మడం మొదలుపెట్టాడు.

ఒంటిమిట్ట అక్క

నాయనా, నువ్వు కొత్తగా తయారుచేస్తానంటున్న అడ్వైజర్ పని నేను పదకొండేళ్లుగా చేస్తున్నా, ఆ పేరు ఉందని ఇవాళే తెలిసింది.

ఏడాదికి రెండుసార్లు కాశీ, గయ, ప్రయాగ తీసుకుపోతా. ఒక్కోసారి 35 మంది, ఒక్కోసారి 50. చదివింది ఇంటర్. నా ఆఫీసంతా ఒక నోటు పుస్తకం. ఎడమ పేజీలో పేరు, ఆధార్, ఫోను, కట్టిన అడ్వాన్సు. కుడి పేజీలో అసలు సంగతి: ఎవరికి షుగరు, ఎవరు ఉల్లిపాయ తినరు, ఎవరికి కింద బెర్తు తప్పదు, ఎవరు రాత్రిపూట మూడుసార్లు లేస్తారు, ఏ వదినా మరదళ్లు మాట్లాడుకోవడం లేదు కాబట్టి ఒక రూములో వేయకూడదు. ఈ కుడి పేజీ నీ పోర్టల్‌లో ఉందా? ఉంటే చెప్పు, నేనే చేరతా.

నీ కమిషన్ లెక్కలో ఒక పెద్ద బొక్క ఉంది, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. కాశీలో మనవాళ్లు ఉండాలనుకునేది సత్రాల్లో. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం ఉంది, తెలుగు మాట్లాడతారు, మన భోజనం పెడతారు, గంగ దగ్గర. పెద్దవాళ్లకు అంతకంటే ఏం కావాలి. కానీ సత్రంవాడు నీకు కమిషన్ ఇస్తాడా? ఇవ్వడు. ఎక్కడో కంటోన్మెంటు వైపు హోటల్‌వాడు ఇస్తాడు. అప్పుడు కమిషన్ మీద బతికే మనిషి మా ముసలమ్మను ఎక్కడ దించుతాడు? హోటల్లో దించుతాడు. గోదౌలియా వైపు పెద్ద బస్సు పోదు, అక్కడి నుంచి ఆటోలో, ఆ తర్వాత నడక. రోజుకు రెండుసార్లు ఆ నడక నడిస్తే మోకాళ్లు పోతాయి. అందుకే నేను ఎవరి దగ్గరా కమిషన్ తీసుకోను, మనిషికి 1,500 అని ముందే చెప్పి తీసుకుంటా, ఇది నా కష్టానికి అని. మొదట్లో గొణిగారు. ఇప్పుడు ఎవరూ అడగరు.

మరి నీతో నాకు పనేం లేదా అంటే, ఉంది. 2022లో తొమ్మిది మందిని ముక్తినాథ్‌కు తీసుకుపోయా. ఢిల్లీ నుంచి ఖాట్మండుకు విమానం. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు కదా, అందరి దగ్గరా ఆధార్ ఉంది కదా అని ధైర్యం. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఒక దంపతులను ఆపారు. ఆయనకు 67, ఆమెకు 61. అరవై అయిదు దాటినవాళ్లకు ఆధార్ చాలునట, ఆ లోపు వాళ్లకు పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలట. ఆమె ఓటరు కార్డు ఎక్కడుంది? ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద. కొడుకు ఫోటో తీసి పంపాడు, ఫోటో చెల్లదన్నారు. ఆమె నన్నేమీ అనలేదు, బ్యాగులోంచి శాలువా తీసి నాకిచ్చి, అక్కడ చలిగా ఉంటుందట, నువ్వు కప్పుకో అంది. ఇద్దరూ వెనక్కి పోయారు. ఆ టికెట్ల డబ్బు నేనే కట్టిచ్చా. డబ్బు పోతే పోయింది, ఆ శాలువా సంగతి మాత్రం మర్చిపోలేను.

ఆ రోజు నాకు కావాల్సింది శిక్షణ వీడియో కాదు. పోయే ముందు వారం నా పుస్తకం ఎడమ పేజీ చూసి, అక్కా, ఈమెకు వేరే కార్డు కావాలి అని చెప్పే ఒక్క మనిషి. ఆ మనిషివి నువ్వు అవుతానంటే మనిషికి 1,500లో నీకు 300 ఇస్తా, సంతోషంగా ఇస్తా. 9,999 మాత్రం ఇవ్వను.

టికెట్ల అంగడి (కడప)

అక్కా, మీ శాలువా మాట చదివి కాసేపు ఆగిపోయా.

నాది టికెట్ల షాపు, పద్దెనిమిదేళ్లుగా. కువైట్, దుబాయ్ పోయేవాళ్లే ఎక్కువ, రాజంపేట, రాయచోటి వైపు నుంచి కూడా వస్తారు. తమ్ముడికి కొంచెం చేదుగా చెప్తా, ఏమనుకోవద్దు. టికెట్‌కు 200, 300 మిగిలితే గొప్ప. వచ్చినవాడు నా ముందే ఫోన్ తీసి యాప్‌లో రేటు చూస్తాడు. యాప్‌లో 40 రూపాయలు తక్కువుంటే లేచి వెళ్లిపోతాడు, అదే ఫ్లైటు రద్దయితే మళ్లీ నా దగ్గరికే వస్తాడు, అన్నా ఏదో ఒకటి చేయి అని. ఆ ఏదో ఒకటికి రేటు పెట్టలేకపోవడమే మా దరిద్రం.

ఇప్పుడు నీ 200 మంది నాలాగే పోర్టల్ వాలెట్‌లో డబ్బు వేసి టికెట్లు తీయడం మొదలుపెడితే ఏమవుతుందో విను. 2023లో ఒక విమాన కంపెనీ ఉన్నట్టుండి ఆగిపోయింది. నేను తీసిన టికెట్ల డబ్బు 1,40,000 ఇరుక్కుపోయింది. కంపెనీవాడు కస్టమర్‌కు తెలియదు, నేను తెలుసు. ఇంటిముందుకు వచ్చారు. సగం మందికి నా జేబులోంచి ఇచ్చా. నాకు షాపుంది కాబట్టి తట్టుకున్నా, ఇంట్లో కూర్చుని చేసే ఆడమనిషి ఎలా తట్టుకుంటుంది? అందుకే నీ అడ్వైజర్లను విమాన టికెట్ల జోలికి పోనివ్వకు, కనీసం మొదటి ఏడాది.

పేర్ల గొడవ ఇంకొకటి. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉండాల్సిన గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, కొందరికి అసలు ఒక్క మాటే పేరు. 2022 నవంబర్ నుంచి యూఏఈ విజిట్ వీసాకు అలా ఒక్క మాట పేరున్న పాస్‌పోర్టును ఒప్పుకోవడం లేదు. టికెట్ తీశాక తెలిస్తే ఏం లాభం. నేను ఇప్పుడు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ రెండూ చూడకుండా రేటు కూడా చెప్పను.

ఆఖరిగా ఒక్క మాట, ఇది మాత్రం పెద్దక్షరాల్లో రాసుకో. కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్లను చేర్చుకుంటానన్నావు. వాళ్లను ఊళ్లో జనం ముందు అడిగేది ఊటీ ప్యాకేజీ కాదు, అన్నా, అక్కడ పని ఇప్పిస్తావా అని. ఎవరైనా ఒకరు ఆశపడి సరేనన్నారనుకో, నీ కంపెనీ మునుగుతుంది. విదేశాల్లో ఉద్యోగానికి మనుషుల్ని పంపాలంటే 1983 వలసల చట్టం కింద రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటే పంపాలి. విజిట్ వీసా మీద పంపి అక్కడ పని చూసుకో అనే బాపతు వాళ్ల వల్ల మా వైపు ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో నీకు తెలియంది కాదు.

బిల్లు పుస్తకం (కర్నూలు)

నేను ఆడిటర్‌ను, ట్రావెల్స్‌వాళ్ల పుస్తకాలు కొన్ని చూస్తాను. పైన అందరూ మంచి మాటలే చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను, బోరు కొడితే క్షమించండి.

9,999 గురించి. శిక్షణకు ఫీజు తీసుకోవడం నేరం కాదు. కానీ చేర్పించినవాడికి ఇంకొకడు కట్టిన ఫీజులోంచి వాటా ఇవ్వడం మొదలుపెట్టిన రోజు మీరు 1978 నాటి మనీ సర్క్యులేషన్ (గొలుసుకట్టు స్కీముల) నిషేధ చట్టం గుమ్మంలో నిలబడినట్టే. 2021 డిసెంబర్‌లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా మనుషుల ద్వారా అమ్మే వ్యాపారాల) నిబంధనలు కూడా పిరమిడ్ స్కీములను, ప్రవేశ రుసుమునూ ఒప్పుకోవు. మీ స్నేహితుడు రెండో నెలలో తప్పకుండా అంటాడు, ఒకరిని తెస్తే 1,000 ఇద్దాం అని. అక్కడ ఆగండి.

రైలు టికెట్లు. మీ అడ్వైజర్లు సొంత ఐఆర్‌సీటీసీ ఐడీతో పక్కింటివాళ్లకు తీసిచ్చి 100 రూపాయలు తీసుకుంటారు, అది పెద్ద తప్పని వాళ్లకు తెలియదు. రైల్వే చట్టం 143వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే మూడేళ్ల దాకా జైలు, 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. అధికారిక ఏజెంటుగా చేరితే స్లీపర్‌కు 20, ఏసీకి 40 రూపాయల వరకే సర్వీసు ఛార్జీ. 2025 జూలై నుంచి తత్కాల్ తెరిచిన మొదటి అరగంట ఏజెంట్లకు బుకింగే లేదు. అంటే రైలు టికెట్ అనేది మీకు ఆదాయం కాదు, సేవ. అక్క తీసుకుంటున్న 1,500 లాంటిదాంట్లో అదీ ఒక భాగం అనుకోవాలి.

ఇక జీఎస్టీ. బిల్లు ఎవరి పేరు మీద అన్నది మొదటి రోజే తేల్చుకోండి. హోటల్ తన బిల్లు తాను ఇచ్చి మీకు కమిషన్ ఇస్తే, మీ కమిషన్ మీద 18 శాతం. బండి, రూము, భోజనం అన్నీ కలిపి మీరే ప్యాకేజీగా అమ్మితే మొత్తం మీద 5 శాతం, కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. ఏడాదికి 20 లక్షల టర్నోవరు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ప్యాకేజీలు అమ్మేవాళ్లకు అది మీరు అనుకున్నదానికంటే చాలా ముందే వస్తుంది, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది మీకు మిగిలింది కాదు, చేతులు మారిన మొత్తం. అడ్వైజర్లకు ఇచ్చే కమిషన్ ఏడాదికి 20,000 దాటితే కంపెనీగా మీరు 2 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకోవాలి, పాన్ తీసుకోకుండా ఎవరినీ చేర్చుకోకండి. విదేశీ ప్యాకేజీ అమ్మితే 2020 అక్టోబర్ నుంచి కస్టమర్ దగ్గర టీసీఎస్ (అమ్మేటప్పుడే తీసుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేసి కట్టాలి. ఆ రేట్లు బడ్జెట్లలో మారుతూ ఉంటాయి, అమ్మే ముందు మీ ఆడిటర్‌ను అడగండి.

కస్టమర్ డబ్బు అడ్వైజర్ ఫోన్‌పేలోకి పోకూడదు. ఎంత నమ్మకస్తులైనా సరే. కంపెనీ ఖాతాకే రావాలి. ఇంట్లో అవసరమొచ్చి అడ్వాన్సు వాడేసుకుని, తర్వాత సర్దుదాంలే అనుకున్నవాళ్ల కథలు నా టేబుల్ మీదకు చాలా వచ్చాయి, వాళ్లెవరూ దొంగలు కారు.

ఇంకోటి కాగితం కాదు గానీ కాగితమే. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మా ఊరి పక్కన చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడింది, అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పటినుంచి నేను మా ఇంటివాళ్ల పెళ్లి బస్సుకు కూడా ఫిట్‌నెస్, పర్మిట్, ఇన్సూరెన్స్ కాగితాలు అడిగి, ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబర్ కొట్టి చూసుకుంటున్నాను, వెనక తలుపు తెరుచుకుంటుందో లేదో చేత్తో లాగి చూస్తున్నాను. తెల్ల నంబర్ ప్లేటు కారు (సొంత వాడకానికి రిజిస్టరైనది) చవకగా వస్తుంది కదా అని కిరాయికి పెడితే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. మీ శిక్షణలో సగం రోజు దీనికే పెట్టండి.

క్లాక్ టవర్ కుర్రోడు (అనంతపురం)

రాత్రంతా ఇవే చదువుతూ కూర్చున్నా. అందరికీ చాలా థాంక్స్.

9,999 తీసేశాను. స్నేహితుడికి చెప్తే నీకు వ్యాపారం రాదు అన్నాడు, కావచ్చు. కానీ ఉగ్గాని అన్న చెప్పింది నిజమే, ఆ ఫీజు లెక్క వేస్తున్నంతసేపూ నా బుర్రలో ఒక్క యాత్రికుడు కూడా లేడు, ఎంతమంది చేరతారన్నదే ఉంది.

అక్కా, మీ మాటతో నాకు ఇంకో తప్పు తెలిసింది. నేను ఎవరికీ ఏమీ తెలియదు, నేర్పాలి అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు తిరగేసి ఆలోచిస్తున్నా. ఇప్పటికే కనీసం రెండు గుంపులను తీసుకుపోయి తిరిగి తెచ్చినవాళ్లను మాత్రమే వెతుకుతా. మాస్టారు కూడా అంతే, ఆయన సర్వీసులో ఉండగా పిల్లల్ని ఏటా లేపాక్షి, బెలుం గుహలు, గండికోట తిప్పినవారు, నేను నేర్పింది ఏమీ లేదు. కమిషన్ వదిలేసి మనిషికి ఇంత అని బిల్లులోనే కనబడేలా పెడతాం, అందులో ఐదో వంతు నాది. దానికి నేను ఇచ్చేది మూడు పనులు: పోయే ముందు వారం అందరి కార్డులూ పాస్‌పోర్టులూ చూడటం, బండి కాగితాలు చూడటం, రాత్రి ఫోన్ ఎత్తడం. సాఫ్ట్‌వేర్ తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి ఎక్సెల్ షీటు చాలు.

ఒక లెక్క మాత్రం ఇంకా తేలలేదు. మనిషికి 300 అంటే నెలకు 200 మంది ప్రయాణిస్తేనే నాకు 60,000, అందులోంచి రాత్రి ఫోన్ ఎత్తే మనిషికి జీతం. నెలకు 200 మంది అంటే అక్కలాంటివాళ్లు ఏడాది పొడవునా 25, 30 మంది కావాలి, అదీ యాత్రలు ఎక్కువగా కార్తీకంలోనూ ఎండాకాలం సెలవుల్లోనూ ఉంటాయి, ఆషాఢంలో ఏం చేయాలో తెలియడం లేదు.

డల్లాస్‌లో ప్రొద్దుటూరోడు

ఆషాఢానికి నా దగ్గర ఒక మాట ఉంది. ఇక్కడి నుంచి మేం జూన్, జూలైలో పిల్లల సెలవులకు వస్తాం. తల్లిదండ్రులతో నాలుగు రోజులు ఎక్కడికైనా పోదామంటే ఏర్పాటు చేసేవాళ్లు దొరకరు. పోయినసారి గండికోట, బెలుం పోయాం. బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైన ఉన్నా చూసేందుకు తెరిచింది అందులో సగమే, ఆ సగం కూడా లోపల ఉక్కపోత, మా నాన్న మధ్యలోనే కూర్చుండిపోయారు. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆయన్ను పైన చెట్టు కింద కూర్చోబెట్టేవాళ్లం. అది చెప్పే మనిషికి నేను మనిషికి 300 కాదు, 1,000 అయినా ఇస్తా. మాలాంటివాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నారు.

టికెట్ల అంగడి (కడప)

ఇది మంచి మాట. తమ్ముడూ, ఎన్నారైల దగ్గర డాలర్లు నీ సొంత ఖాతాలో వేయించుకోకు, కర్నూలు సార్‌ను అడిగి పద్ధతిగా చేయి. పాస్‌పోర్టులు చూడటంలో డౌటొస్తే నాకు ఫోటో పెట్టు, డబ్బులేం వద్దు. టికెట్లు మాత్రం నా దగ్గరే తీయించు, హహ.

ఒంటిమిట్ట అక్క

నాయనా, బాగానే మారావు. రాత్రి ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు అన్నావు, ఆ నంబర్ నాకు పెట్టు. ఈ వారంలో ఏదో ఒక రోజు రాత్రి రెండు గంటలకు చేస్తా. గయలో ఒకామెకు ఒళ్లు బాగాలేదు, దగ్గర్లో ఆసుపత్రి ఏది అని అడుగుతా. ఎవరు ఎత్తుతారో, ఏం చెప్తారో చూసి అప్పుడు చెప్తా, మా ఇంటికి రావాలో వద్దో.

క్లాక్ టవర్ కుర్రోడు (అనంతపురం)

పెట్టాను అక్కా. ప్రస్తుతానికి ఆ మనిషిని నేనే.

ఉగ్గాని బజ్జి (గుంతకల్లు)

నాలుగు రోజులైంది. ఎత్తాడా అక్కా?

ఒంటిమిట్ట అక్క

మూడో రింగుకు ఎత్తాడు. ఆవులిస్తూనే ఆసుపత్రి పేరు, ఆటోకు ఎంత అడుగుతారో కూడా చెప్పాడు, ఆ తర్వాత ఆమెకు షుగరుందా అని అడిగాడు. బుధవారం రమ్మన్నా. భోజనం మా ఇంట్లోనే.